ఇంటిగుట్టు కథల్ని మిత్రులతో కలిసి చదవడం ఎలా? జాతి, గుర్తింపు, విజయం చుట్టూ తిరిగే పుస్తకాలకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. గుట్టు బయటపెట్టినవాడిదే తప్పన్నట్టు ఉంటుంది ఆ సామెత. అమెరికాలో జాతి గురించి వచ్చిన కొన్ని మంచి పుస్తకాలు ఇదే సంగతిని అవతలి వైపు నుంచి చూస్తాయి. గుట్టు దాచుకునే పరిస్థితి ఎవరు తెచ్చారు? దాచినందుకు మూల్యం ఎవరు చెల్లించారు? ఒంటి రంగు లేతగా ఉండటంతో తెల్లవాళ్లుగా చలామణి అయిన నల్లజాతి మనుషులు, తమ పుట్టుక గురించి పిల్లలకు కూడా చెప్పని తల్లులు, పైకి రావడం కోసం సొంతవాళ్లను వదిలేసుకున్నవాళ్లు ఈ కథల్లో ఉంటారు.

ఈ పుస్తకాలు ఒంటరిగా చదివితే కడుపులో ఏదో దేవినట్టుంటుంది. నలుగురితో కలిసి మాట్లాడుకుంటేనే అవి పూర్తిగా విచ్చుకుంటాయి. కానీ ఆ చర్చ రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, "అమెరికావాళ్లు ఇంతే" అని తీర్పు చెప్పేసి, టీ తాగి లేచిపోవడం. రెండోది, పట్టుమని పది నిమిషాలు కాకముందే "మన కులం కూడా ఇంతే కదా" అని పుస్తకం పక్కన పెట్టి, కూర్చున్నవాళ్లలో ఎవరినో ఒకరిని ఇరుకున పెట్టడం. రెండింటికీ విరుగుడు ఒకటే: ప్రశ్నలు పుస్తకంలోని పాత్రలను అడగాలి, గదిలోని మనుషులను కాదు. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క మాట నిలబెట్టుకోవడానికే.

మొదటి మెట్టు: ఎవరితో కూర్చోవాలి

ఐదుగురు నుంచి ఏడుగురు సరిపోతారు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగిలినవాళ్లు తలలూపుతారు. అందరూ ఒకే ఆఫీసు, ఒకే ఊరు, ఒకే వయసు కాకుండా చూసుకోండి. ఇల్లాలు, లెక్చరర్, ఇంకా చదువుకుంటున్న కుర్రాడు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి కలిసి కూర్చుంటే ఒకే పేజీ నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

మొదటి రోజే ఒక నియమం పెట్టుకోవాలి. దీని మీద నాకు రాజీ లేదు. ఎవరి కులం, ఎవరి ఇంటిపేరు వెనకాల ఏముంది, సొంత ఊళ్లో ఏ వీధి, ఇవేవీ ఎవరూ అడగకూడదు. తమంతట తాము చెబితే వినాలి, అంతే. ఎందుకంటే ఈ కథలు చదివే గదిలో అలా గుట్టు దాచుకుని బతుకుతున్న మనిషి ఒకరు ఉండే అవకాశం నిజంగానే ఉంది. అద్దె ఇల్లు దొరకదని, హాస్టల్లో మాటలు పడాలని, ఆఫీసులో చూపు మారిపోతుందని కులం చెప్పకుండా నెట్టుకొచ్చేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అజ్మీర్‌లో పుట్టిన జర్నలిస్టు యాషికా దత్ ఏళ్ల తరబడి తన దళిత గుర్తింపు దాచుకున్నారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక ఆ విషయం బహిరంగంగా రాశారు. 2019లో దాన్నే పుస్తకంగా తెచ్చారు. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అనేది ఆమె నిర్ణయం. మీ మిత్రులకూ ఆ హక్కు ఉండాలి.

ఇంకో రెండు చిన్న సంగతులు. దీనికి విడిగా ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి, అందులో ఫార్వర్డులు వద్దు. మాటల్ని రికార్డు చేయొద్దు.

రెండో మెట్టు: ఏ పుస్తకాలు, ఏ వరసలో

నేను నాలుగు పుస్తకాలు చెబుతాను. నెలకొకటి చొప్పున చదవండి. వరస మార్చకపోతే మంచిది.

మొదటిది నెల్లా లార్సెన్ 1929లో రాసిన 'పాసింగ్'. చిన్న నవల, ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. అమెరికాలో దీని కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి డబ్బు పెట్టకుండానే చదువుకోవచ్చు. చిన్ననాటి స్నేహితులు ఐరీన్, క్లేర్ చాలా ఏళ్ల తర్వాత షికాగోలో ఒక హోటల్ పైఅంతస్తులో ఎదురుపడతారు. క్లేర్ తెల్లమనిషిగా చలామణి అవుతూ, నల్లవాళ్లంటే అసహ్యించుకునే తెల్లవాడిని పెళ్లాడింది. అతనికి ఆమె పుట్టుక తెలియదు. లార్సెన్ తల్లి డెన్మార్క్ మనిషి, తండ్రి డేనిష్ వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతీయుడు. ఇటా అటా అనే ప్రశ్న ఆమెకు బయట నుంచి నేర్చుకున్నది కాదు.

రెండోది జేమ్స్ మెక్‌బ్రైడ్ 1995లో తెచ్చిన 'ద కలర్ ఆఫ్ వాటర్'. ఇది నవల కాదు, నిజజీవితం. తల్లి పోలండ్‌లో పుట్టిన యూదు స్త్రీ, వర్జీనియాలోని సఫోక్‌లో పెరిగింది. తండ్రి పెట్టిన నరకం నుంచి పారిపోయి న్యూయార్క్ చేరింది. 1942లో నల్లజాతి మనిషిని పెళ్లాడింది. తర్వాత పన్నెండు మంది పిల్లల్ని పెంచి, అందరినీ కాలేజీ దాటించింది. తాను ఎక్కడ పుట్టిందో, తనవాళ్లెవరో మాత్రం పిల్లలకు చెప్పలేదు. అధ్యాయం విడిచి అధ్యాయం తల్లి గొంతు, కొడుకు గొంతు మారి మారి వినిపిస్తాయి.

మూడోది బ్రిట్ బెనెట్ 2020లో రాసిన 'ద వానిషింగ్ హాఫ్'. లూసియానాలో మాలర్డ్ అనే కల్పిత ఊరు. అక్కడ అందరూ లేత రంగు నల్లవాళ్లు, ముదురు రంగంటే వాళ్లకే చిన్నచూపు. 1954లో పదహారేళ్ల కవలలు డిజైరీ, స్టెల్లా ఊరొదిలి పారిపోతారు. ఒకరు ముదురు రంగు కూతురితో ఊరికి తిరిగొస్తుంది. ఇంకొకరు తెల్లమనిషిగా మారిపోయి లాస్ ఏంజెలెస్‌లో పెద్దింటి ఇల్లాలవుతుంది.

నాలుగోది సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో తెచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. కాకినాడలో పెరిగి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేసిన రచయిత్రి తన దళిత క్రైస్తవ కుటుంబం కథ చెప్పారు. దీన్ని చివర్లోనే ఎందుకు పెట్టాలో ఏడో మెట్టులో చెబుతాను.

ఇంగ్లీషు పుస్తకాలంటే వెనకాడే మిత్రుల్ని వదిలేయకండి. ఇద్దరిద్దరుగా జత కట్టండి. ఒకరు చదివి రెండోవారికి అధ్యాయాల వారీగా ఫోన్లో తెలుగులో చెప్పాలి. ఆడియోబుక్ కూడా కొంత సాయం చేస్తుంది. చర్చ మాత్రం తెలుగులోనే సాగాలి. ఇంగ్లీషులో పెడితే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లదే పెత్తనం అవుతుంది. పైగా ఇంటి సంగతులు ఇంగ్లీషులో మాట్లాడితే మనసు విప్పడం కష్టం.

మూడో మెట్టు: ముందు చట్టం తెలుసుకోవాలి

ఒకరు వంతు తీసుకుని నేపథ్యం అరపేజీ రాసి, చర్చకు వారం ముందు అందరికీ పంపాలి. ఇది లేకుండా చదివితే క్లేర్, స్టెల్లా ఉత్త అబద్ధాలకోరుల్లా కనిపిస్తారు.

ఆ అరపేజీలో ఏముండాలి? తాతముత్తాతల్లో ఒక్క నల్లమనిషి ఉన్నా ఆ మనిషిని నల్లజాతి కిందే లెక్కగట్టిన 'ఒక్క చుక్క' సూత్రం. 1896 నాటి ప్లెసీ కేసు: ఎనిమిదింట ఏడు వంతులు తెల్ల వంశమే అయినా, లూసియానాలో హోమర్ ప్లెసీ తెల్లవాళ్ల రైలుపెట్టెలో కూర్చోవడం నేరమైంది. సుప్రీంకోర్టు కూడా వేరు పెట్టెల చట్టాన్నే సమర్థించింది. 1924లో వర్జీనియా తెచ్చిన చట్టం తెల్లవాళ్లు ఇతర జాతులవాళ్లను పెళ్లాడటాన్ని నిషేధించింది. అలాంటి చట్టాలన్నీ చెల్లవని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1967 వచ్చింది. మెక్‌బ్రైడ్ తల్లి తాను పెరిగిన రాష్ట్రంలోనే ఉండిపోయి ఉంటే ఆ పెళ్లి చట్టరీత్యా నేరం. న్యూయార్క్‌లో అలాంటి చట్టం లేదు కాబట్టే ఆ కాపురం నిలిచింది. లూసియానాలో ముప్ఫై రెండో వంతు నల్ల రక్తం దాటితే నల్లజాతి కింద నమోదు చేసే చట్టం 1983లో గానీ పోలేదు.

'పాసింగ్' కోసం ప్రత్యేకంగా రైన్‌లాండర్ కేసు చెప్పుకోవాలి. నవల్లో ఐరీనే దాన్ని తలుచుకుంటుంది. న్యూయార్క్ సంపన్న కుటుంబానికి చెందిన లియొనార్డ్ రైన్‌లాండర్ 1924లో ఆలిస్ జోన్స్‌ను పెళ్లాడాడు. కొద్ది వారాలకే, ఆమె నల్లజాతి రక్తాన్ని దాచి తనను మోసం చేసిందని వివాహం రద్దు కోరాడు. 1925లో విచారణ జరిగినప్పుడు, ఆమె రంగు భర్తకు ముందే తెలుసని రుజువు చేయడానికి ఆలిస్ తన ఒంటిని జ్యూరీకి చూపించాల్సి వచ్చింది. జ్యూరీ ఆమె పక్షానే తీర్పిచ్చింది. కానీ ఆ గదిలో ఆమె నిలబడిన తీరు తెలిశాక క్లేర్ భయం ఎలాంటిదో ఇక ఎవరూ వివరించక్కర్లేదు.

మనవాళ్లకు దగ్గరి ముడి ఒకటుంది. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. భారతీయులకు పౌరసత్వం దారి మళ్లీ తెరిచింది 1946లో. సుబ్బారావు 1948లో పౌరసత్వం లేకుండానే చనిపోయారు. జాతి గీత మన మీదుగా కూడా వెళ్లిందని ఇది గుర్తుచేస్తుంది.

నాలుగో మెట్టు: ఎవరికి ఏం తెలుసు?

గుట్టు చుట్టూ అల్లిన కథల్లో అసలు నడక సంఘటనల్లో ఉండదు, తెలియడంలో ఉంటుంది. అందుకే చదివేటప్పుడు ఒక కాగితం మీద పట్టిక గీసుకోండి. ఎడమవైపు పాత్రల పేర్లు. ఎదురుగా మూడు గళ్లు: గుట్టు తెలుసా, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు.

'ద వానిషింగ్ హాఫ్'కు ఇది గీస్తే బాగా తెలుస్తుంది. స్టెల్లా భర్త బ్లేక్ గడి ఖాళీ. కూతురు కెనడీ గడి చాలాకాలం సగమే నిండి ఉంటుంది: చిన్నప్పుడు తల్లి నోట జారిన ఊరి పేరు ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది, తర్వాత ఏళ్ల తరబడి అడిగినా తల్లి మాట మారుస్తూ వస్తుంది. డిజైరీ కూతురు జూడ్‌కు నిజం తెలిశాక ఆ బరువంతా ఆ పిల్ల మీద పడుతుంది. ఇక మాలర్డ్‌లో కవలల తల్లి అడెల్: ఆమెకు తెలిసిందల్లా బిడ్డ వెళ్లిపోయిందని. పట్టిక పూర్తయ్యాక చూడండి. స్టెల్లా దాచింది ఒక్క విషయమే. ఆ ఒక్కదాని వల్ల తల్లి, కవల సోదరి, భర్త, కూతురు నలుగురికీ ఆమె నలుగురు వేరే వేరే మనుషులైంది.

'ద కలర్ ఆఫ్ వాటర్'లో నాలుగో గడి కూడా పెట్టండి: ఎవరిని వదిలి వెళ్లారు. అక్కడ పోలియోతో ఒక పక్క చచ్చుబడిన తల్లి, ఒంటరిగా మిగిలిన చెల్లెలు కనిపిస్తారు. పన్నెండు మంది పిల్లల విజయగాథ చదివి మురిసిపోయినవాళ్లు ఈ గడి దగ్గర ఆగుతారు. ఆగాలి కూడా.

ఐదో మెట్టు: ప్రశ్నలు తయారు చేసుకోవడం

చర్చ బాగుండటం, పాడవడం సగం ఇక్కడే తేలిపోతుంది. "స్టెల్లా చేసింది తప్పా, ఒప్పా?" అని అడిగితే గది కోర్టవుతుంది. ఇద్దరు లాయర్లు తయారవుతారు. దానికి బదులు ఒక దృశ్యం పట్టుకుని, ఎందుకు అని అడగండి.

ఉదాహరణకు, తమ పేటలో నల్లజాతి కుటుంబం ఇల్లు కొంటోందని తెలిసినప్పుడు నలుగురి ముందు లేచి అడ్డం పడేది స్టెల్లానే. మిగతావాళ్ల కంటే ఆమెకు ఎందుకంత తొందర? ఆ తర్వాత అదే ఇంటి ఇల్లాలితో ఆమె ఎందుకు స్నేహం చేసింది? ఈ రెండు ప్రశ్నలతోనే గంట గడుస్తుంది.

'పాసింగ్'లో టీ దృశ్యం తప్పకుండా తీసుకోండి. క్లేర్, ఐరీన్, గెర్ట్రూడ్ ముగ్గురూ నల్లజాతి ఆడవాళ్లే. వాళ్ల ఎదుటే క్లేర్ భర్త బెల్యూ నల్లవాళ్లను తిట్టిపోస్తాడు. ఎవరి ముందు మాట్లాడుతున్నాడో అతనికి తెలియదు. ఐరీన్ నవ్వుతుంది, నవ్వి నవ్వి అలసిపోతుంది, లేచి మాత్రం వెళ్లదు. ఎందుకు? క్లేర్‌ను కాపాడటానికా, భయంతోనా, మర్యాద కోసమా? పైగా ఐరీన్ కూడా అవసరానికి తెల్లమనిషిగా చలామణి అయినదే, ఆ హోటల్ పైఅంతస్తులో కూర్చున్నది అలాగే. క్లేర్‌ను తప్పుపట్టే హక్కు ఆమెకు ఎంతవరకు ఉంది? ఇంట్లో కొడుకుల ముందు మూక హత్యల మాట ఎత్తవద్దని భర్త మీద విరుచుకుపడే ఐరీన్, తనకు తెలియకుండానే ఇంకో గుట్టు పెంచుతోందా? నా మటుకు నాకు ఆ నవల్లో అసలు దాచేది క్లేర్ కాదు, ఐరీన్ అనిపిస్తుంది. మీ బృందంలో దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉంటే ఇంకా మంచిది.

విజయం గురించి ఒక ప్రశ్న ప్రతి పుస్తకానికీ పనికొస్తుంది: ఈ మనిషి పైకి రావడానికి ఏం వదులుకున్నాడు, ఎవరిని వదులుకున్నాడు, అది వదలకుండా పైకి వచ్చే దారి ఆ కాలంలో ఉందా? మూడో భాగం మరిచిపోవద్దు. అది లేకపోతే ప్రశ్న నిందగా మారుతుంది.

ఆరో మెట్టు: కూర్చున్న రోజు

రెండు గంటలు చాలు. మొదట ఎవరైనా ఒకరు ఎంచుకున్న పేజీ పైకి చదవాలి. తర్వాత అందరూ తలా ఒక మాట చెప్పేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. ఈ ఒక్క పద్ధతితో నెమ్మదస్తుల గొంతు కూడా వినబడుతుంది.

ఈ పుస్తకాల్లో నల్లవాళ్లను తిట్టే మాటలుంటాయి. బెల్యూ భార్యను ముద్దుగా పిలిచే పేరు కూడా ఆ తిట్టులోంచి వచ్చిందే. వాటిని పైకి చదవనక్కర్లేదు. "ఆ మాట" అంటే అందరికీ అర్థమవుతుంది. దూరదేశపు తిట్టు కదా అని తేలిగ్గా పలకడం మొదలుపెడితే, మన ఊళ్లలో కులం పేరుతో తిట్టే మాటలూ ఆ గదిలోకి తేలిగ్గానే వచ్చేస్తాయి.

'పాసింగ్' ముగింపులో క్లేర్ కిటికీలోంచి పడిపోతుంది. దూకిందా, పడిందా, ఐరీన్ తోసిందా? ప్రతివాళ్లూ తమ జవాబుకు పేజీలోంచి ఒక వాక్యం చూపించాలి అనే షరతు పెట్టండి. చెయ్యి పడ్డ చోటు, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, తర్వాత ఐరీన్ దేనికి ఊపిరి పీల్చుకుంది, ఇవన్నీ అప్పుడు పైకి వస్తాయి. ఊహాగానాలు తగ్గుతాయి.

2021లో ఈ నవలను సినిమా తీసిన రెబెకా హాల్ తాతగారు, అంటే తల్లి తండ్రి, తెల్లమనిషిగా చలామణి అయిన నల్లజాతీయుడే. తన కుటుంబంలో ఎవరూ సూటిగా చెప్పని ఈ సంగతి నవల చదివాక అర్థమైందని ఆమె చెప్పారు. ఈ విషయం చర్చ చివర్లో చెప్పండి. ఇది పాతకాలపు కథ అనుకున్నవాళ్లు ఆలోచనలో పడతారు.

ఏడో మెట్టు: మన దగ్గరికి ఎప్పుడు రావాలి

మూడు పుస్తకాలు పూర్తయ్యేదాకా ఆగండి. కులం మాట ఎవరైనా ముందే ఎత్తితే కాగితం మీద రాసిపెట్టుకుని, నాలుగో నెలలో మాట్లాడుకుందాం అనండి. పారిపోవడానికి కాదు. నల్లజాతి మనిషి బాధను మన బాధకు పోలికగా మాత్రమే వాడుకోవడం వాళ్లకు అన్యాయం.

నాలుగో నెలలో సుజాత గిడ్ల పుస్తకం తీసుకున్నప్పుడు తేడాలతో మొదలుపెట్టండి. అక్కడ చూసేది ఒళ్లు. ఇక్కడ చూసేది ఇంటిపేరు, ఊరు, పేట, కంచంలో కూర, చర్చికి వెళ్తారా గుడికి వెళ్తారా అనేది. "మీరేమిట్లు?" అని నవ్వుతూ అడిగే ప్రశ్న. పెళ్లి ప్రకటనల్లో తెల్లటి అమ్మాయి కావాలనడం రంగు పిచ్చి. అది కులంతో కలిసి నడిచినా, రెండూ ఒకటి కావు. ఈ పుస్తకంలో చదువు ఉంది, లెక్చరర్ ఉద్యోగం చేసిన తల్లి ఉంది, శివసాగర్‌గా కవిత్వం రాసి పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరైన మేనమామ కె.జి. సత్యమూర్తి ఉన్నారు. విజయం వచ్చినా కులం వదలలేదు. విప్లవ పార్టీలో కూడా కులం ప్రశ్న ఎదురైంది. అప్పుడు స్టెల్లాను గుర్తు చేసుకోండి: దాచుకునే వీలు అసలు ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు?

రెండు పోరాటాల మధ్య ముడి మనం కొత్తగా కల్పిస్తున్నది కాదు. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేటగా పేరుపడిన హార్లెమ్ పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాస్తే ఆయన బదులిచ్చారు. మీ బృందంలో అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఉంటే ఇంకొకటి కూడా మాట్లాడండి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లడానికి దారి తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతివాళ్లు రోడ్లెక్కి 1964లో పౌరహక్కుల చట్టం సాధించుకున్న వాతావరణంలోనే అది వచ్చింది. మన పిల్లల విజయం గురించి చెప్పుకునేటప్పుడు ఈ సంగతి మనం ఎన్నిసార్లు తలుచుకున్నాం?

ఎనిమిదో మెట్టు: గొడవ వస్తే, గుట్టు విప్పితే

రిజర్వేషన్ల దగ్గరో, పిల్లల పెళ్లిళ్ల దగ్గరో మాట పెరుగుతుంది. అది మామూలే. గొంతులు లేచినప్పుడు నడిపించేవాళ్లు చర్చను పేజీ దగ్గరికి తీసుకురావాలి: "ఈ మాట పుస్తకంలో ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు?" అప్పటికీ తగ్గకపోతే టీకి లేవండి.

దానికంటే సున్నితమైనది, ఎవరైనా తమ ఇంటి సంగతి చెప్పడం. నాయనమ్మ కులం వేరని ఇంట్లో దాచారని, నాన్న మొదటి పెళ్లి గురించి ఈ మధ్యే తెలిసిందని, అద్దింటి కోసం పేరు మార్చి చెప్పామని. అప్పుడు ప్రశ్నలు వద్దు, సలహాలు వద్దు, "మా ఇంట్లో కూడా" అని వెంటనే అందుకోవద్దు. వినండి. ఇంటికి వెళ్లి భార్యాభర్తలకు కూడా చెప్పొద్దు. మర్నాడు ఒకరు ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అని పలకరిస్తే చాలు. ఆ సంగతి వాళ్లు మళ్లీ ఎత్తితే మాట్లాడండి, ఎత్తకపోతే లేదు.

ఇళ్లల్లో పెద్దవాళ్లను అడగాలని ఈ పుస్తకాలు చదివినవాళ్లకు అనిపిస్తుంది. మెక్‌బ్రైడ్‌కు తల్లి చేత చెప్పించడానికి ఏళ్లు పట్టిందని గుర్తుంచుకోండి. అమ్మమ్మను ఒకే మధ్యాహ్నం కూర్చోబెట్టి ఫోన్ రికార్డర్ ఆన్ చేస్తే ఏమీ రాదు. వంట చేస్తూ, పాత ఫోటో చూస్తూ ఒక్కో పేరు గురించి అడగండి. చెప్పనంటే వదిలేయండి.

నాలుగూ అయ్యాక ఇంకా చదవాలనుకుంటే టోనీ మారిసన్ 1970లో రాసిన 'ద బ్లూయెస్ట్ ఐ' తీసుకోవచ్చు. నీలికళ్లు కావాలని కోరుకునే నల్లజాతి పాప పెకోలా కథ. అందులో పసిపిల్ల మీద కన్నతండ్రి అత్యాచారం ఉంది. ఆ విషయం పుస్తకం ఎంచుకునే రోజే అందరికీ చెప్పండి. ఎవరైనా ఈసారి రాలేమంటే కారణం అడగకండి.